నాలుగో గుంపు

భాగమ్మ ఇంటికి కన్నం వేయాలంటే ముందు ఆమె చేత ఒక పజిల్ రాయించాలని మహిధర్ పథకం వేశాడు.

ఆ పజిల్ ఆటలో పొద్దున్నే ఫోన్లో పదహారు మాటలు వస్తాయి. వాటిని నాలుగేసి చొప్పున గుంపులు కట్టాలి. కాకరను పక్షుల్లో పెట్టామా, ఆ రోజంతా పరువు తక్కువ. ఈ పిచ్చి పట్టినవాళ్లంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో తాండూరు నుంచి మహిధర్, వికారాబాద్ నుంచి భాగమ్మ ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మహిధర్‌కు నాపరాళ్ల దుకాణం ఉందన్న మాటేగానీ, రాయిని చూస్తేనే నడుం నొప్పి. భాగమ్మ ఒంటరి మనిషి. "ఉన్న బంగారానికి కావలి ఉండుడే నా పని తమ్మీ" అని ఒకసారి గ్రూపులో అనేసింది. అప్పటి నుంచి అతనికి పజిల్ మీద శ్రద్ధ తగ్గి, అక్క మీద ప్రేమ పెరిగింది.

"రోజూ వాళ్లిచ్చిందే ఆడితె ఏం మజా? ఎవలింట్ల ముచ్చట్లతోని వాళ్లే పజిల్ చేద్దాం," అని గ్రూపులో ఎగదోశాడు. అందరికంటే ముందు భాగమ్మే చేసి పెట్టింది.

మూడు గుంపులు అలవోకగా తేలాయి: కూరగాయలు, పండుగలు, చుట్టాలు. మిగిలినవి పిండి డబ్బా, కుట్టుమిషన్, గోడ గడియారం, పాత దిండు. వీటికి సంబంధం ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

"ఓడిపోయినం అక్కా, నువ్వే చెప్పు," అన్నాడు మహిధర్.

"నేను పైలంగ దాసుకునే జాగలు," అని రాసింది. మరుక్షణమే నాలుక కరుచుకున్నట్టు చెరిపేసింది. ఈలోపు అతను చదవనే చదివాడు.

ఇక అడ్రస్ కావాలి. "మా తాండూరు కందిపప్పు పంపిస్తనక్కా, ఇల్లు యాడనో చెప్పు," అన్నాడు. చెప్పింది. "ఉత్తగ తీసుకుంటనా? మామిడికాయ తొక్కు పంపిస్త, నీది గూడ చెప్పు," అంది. చెప్పాడు. తొక్కు నిజంగానే వచ్చింది. వేడి అన్నంలో కలుపుకుంటూ కొంచెం జాలి కూడా పడ్డాడు. రెండో ముద్దకు జాలి పోయింది.

తర్వాత, గ్రూపు వాళ్లంతా ఆదివారం తాండూరులో ఒక హోటల్లో కలుద్దామని ప్రకటించాడు.

"నేను తప్పకుండ వస్త తమ్మీ. నీ భార్యను గూడ తీస్కరా, జర చూడాలె," అంది భాగమ్మ.

ఆదివారం భార్య అంజలికి పట్టుచీర కట్టించి, "నువ్వు ముందు పో, నేను గిరాకీ చూస్కొని వస్త," అని హోటల్‌కు పంపాడు. తను వికారాబాద్ రైలెక్కాడు. "బయల్దేరిన తమ్మీ" అని భాగమ్మ మెసేజ్ పెట్టింది. దారిలో ఎదురు రైలు పోతుంటే, అందులో అక్క ఉంటుందని మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఇంటి తాళం రెండు దెబ్బలకే ఊడింది. పిండి డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. పిండే. కుట్టుమిషన్ సొరుగులో సూది వేలికి గుచ్చుకుంది. గడియారం వెనక నుంచి బల్లి మీద పడింది. దిండు చింపితే దూది ముక్కులోకి పోయింది. తుమ్ము ఆపుకుంటుండగా ఫోన్ మోగింది. భాగమ్మ.

గొంతు సవరించుకున్నాడు. "తొవ్వల ఉన్ననక్కా! గిప్పుడే హోటల్ కాడికి వస్తున్న."

"తొందరేం లేదు తమ్మీ, నీ భార్య ఆడ కూసోనే ఉంటది గాని, గీ మీ బీరువ తాళంచెవి ఏ మూలకు దాసినవో దొరుకుతలేదు, జర క్లూ ఇయ్యి!"