మతిమరుపు పరీక్ష

"మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి సార్. గొడుగు, నిమ్మకాయ, కుర్చీ," అంది నర్సు.

పెద్దాయన నవ్వుతూ మూడూ తిరిగి చెప్పాడు.

ఇలాంటి పరీక్షలు చేయడం, బీపీ, షుగరు మందుల మోతాదు చూడటం ఏడాదిగా ఆ క్లినిక్‌లో ఆమె పనే. ఇన్నాళ్లూ సూదులు వేసిన చేతికి పెద్ద పనులొచ్చాయని ఇంట్లోవాళ్లు మురిసిపోయారు.

నూరులోంచి ఏడేసి చొప్పున తీసేయమంటే ఆయన తొంభై మూడు దగ్గరే ఆగిపోయాడు. గడియారం గీయమంటే అంకెలన్నీ ఒక పక్కకే చేరాయి.

"ఇందాకటి మాటలు చెప్పండి సార్."

"గొడుగు," అని ఆయన చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "ఎన్నాళ్లుగా ఇలా ఉందమ్మా?"

"ఏడాది దాటింది."

"ఎవరికీ చెప్పకు. నీకు దండం పెడతాను."

"పోయిన వారం చంటిపాపకి పెద్దవాళ్ల మోతాదు రాశారు సార్. నేను చూశాను కాబట్టి సరిపోయింది. మీరు రాసే ప్రతి చీటీ నేను చూడలేను కదా."

ఆమె ఫారం నింపింది. కింద డాక్టరు సంతకం కావాలి. ఆ క్లినిక్‌కి ఉన్నది ఒక్కరే డాక్టరు. చేసేదేమీ లేక కాగితం ఆయన ముందే పెట్టింది.

ఆయన మార్కులు చూసి నిట్టూర్చి సంతకం పెట్టాడు.

"పాపం, ఈయన్ని త్వరగా పెద్దాసుపత్రికి పంపించమ్మా," అన్నాడు. "తర్వాతివాళ్లని లోపలికి రమ్మను."