లాండ్రీ అత్తగారి రికార్డింగు

"చెరిపెయ్! ఇప్పుడే, నా కళ్ళ ముందే చెరిపెయ్" అంది లాండ్రీ పెద్దావిడ.

లైబ్రరీ అమ్మాయి చేతిలోని ఫోన్‌ను గుండెలకు అదుముకుంది. ఊళ్ళో రెక్కలు ముక్కలు చేసుకున్న ఆడవాళ్ళ జ్ఞాపకాలను వాళ్ళ గొంతుతోనే లైబ్రరీలో భద్రపరచాలని ఆమె ఇల్లిల్లూ తిరుగుతోంది. మిల్లులో చేసినవాళ్ళు చెప్పారు, ఆసుపత్రిలో చేసినవాళ్ళు చెప్పారు. ఈవిడ మాత్రం "నాదేం కథ, ఇస్త్రీపెట్టె కథ" అంటూ తప్పించుకు తిరిగి, ఈ మధ్యాహ్నమే నోరు విప్పింది. విప్పాక ఆగలేదు. తీరా అంతా చెప్పేశాక ఇదీ వరస.

"ఏమైంది పెద్దమ్మా? అంత బాగా చెప్పారు కదా!"

"బాగానే చెప్పాను, అదే తంటా. మా అత్తను ఉతికి ఆరేశాను. పోయి ఇరవయ్యేళ్ళయిన మనిషి. లేచొచ్చి జవాబు చెప్పుకోలేదు కదా పాపం!"

"పోనీ, అబద్ధాలేమైనా చెప్పారా?"

"ఛఛ! నిజాలే ఇంకా సగం దాచాను. నిండు నెలలప్పుడు కూడా నిలబెట్టి ఇస్త్రీ చేయించింది. ఆవిడ ఒక్క కేక వేసిందంటే పెట్టెలో నిప్పులు చల్లారిపోయేవి."

"ఇవన్నీ ఇంకెవరు చెబుతారు పెద్దమ్మా? కాగితాల్లో ఈ లాండ్రీ మీ మామగారిదని ఉంది. నడిపింది మీ అత్తాకోడళ్ళిద్దరూ అని ఎక్కడా లేదు."



"మామగారు బోర్డు మీద ఉండేవాడు. మేం బల్ల దగ్గర ఉండేవాళ్ళం" అంది మెల్లగా.

"చూశారా! ఆ ఒక్క మాట కోసమైనా ఉంచనివ్వండి."

పెద్దావిడ మెత్తబడింది. అంతలోనే గుమ్మానికి వేలాడుతున్న తెరవైపు చూసి గొంతు తగ్గించింది. తెర అవతల కొట్లో కోడలు ఇస్త్రీ చేస్తోంది. పెట్టె బల్లకు తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నా భయం పోయినావిడ గురించి కాదమ్మాయ్, అదిగో, దాని గురించి. రేపు మా కోడలు ఇది విని, అత్తలంటే ఇంతేనన్న మాట అనుకుంటే? నేను దాన్ని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. పడ్డదాన్ని కనుక నాకు తెలుసు. కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నాను."

లైబ్రరీ అమ్మాయి బతిమాలడం మాని బేరానికి దిగింది. "ఒక్కసారి మీరే వినండి. నచ్చకపోతే మీ చేత్తోనే చెరిపేద్దురుగాని."

"సరే, పెట్టు."

ఫోన్‌లోంచి గొంతు వచ్చింది. మెత్తగా, తీరిగ్గా, పరాయివాళ్ళ ముందు ఎలా మాట్లాడాలో అలా. "ఆ రోజుల్లో కరెంటు పెట్టెలెక్కడివమ్మా! నిప్పులు పోసి, బూడిద ఊది..."

"ఇది నేనేనా?" పెద్దావిడ మొహం విప్పారింది. జుట్టు సర్దుకుంది. "అచ్చం రేడియోలో మాట్లాడినట్టే ఉందే! పోనీలే, ఉంచు. విననీ జనాన్ని."

లైబ్రరీ అమ్మాయి హమ్మయ్య అనుకుంది. ఆ సంబరంలో ఫోన్ ఆపడం మరిచిపోయింది. కథ మధ్యలో పెద్దావిడ తెరవైపు తిరిగి వేసిన కేక కూడా అందులో ఉందన్న సంగతి అసలే గుర్తులేదు.

"ఏమేవ్!" ఫోన్ ఒక్కసారిగా ఖంగుమంది. "కాలరు అలాగేనా చేసేది? అవి కళ్ళా, గుండీలా? మీ అమ్మ నేర్పింది ఇదేనా?"

తెర పక్కకు తప్పుకుంది. కోడలు చేతిలో చొక్కాతో పరుగున వచ్చింది.

"వచ్చేశా అత్తయ్యా! తప్పయిపోయింది, ఈ కాలరు మళ్ళీ చేస్తాను" అంటూ ఆగి, అందరి మొహాలూ చూసి తెల్లబోయింది.

లైబ్రరీ అమ్మాయి పెదవి కొరుక్కుని నేల చూపులు చూసింది.

పెద్దావిడ మాత్రం కోడలివైపు చూడనేలేదు. పాలిపోయిన మొహంతో ఫోన్‌నే చూస్తూ, లైబ్రరీ అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయ్, నేను మాట్లాడుతుంటే మధ్యలో మా అత్త ఎప్పుడొచ్చింది?"