రింగుల మధ్య ఎడం

“పిల్లర్ పై మూరెడులో చువ్వల చుట్టూ ఉన్న రింగులన్నీ విప్పి మళ్ళీ కట్టాలి మేస్త్రిగారూ,” అంది ఆమె, టేపు ఇనుముకు ఆనించి పట్టుకుని. “నాలుగంగుళాలకొకటి ఉండాలి. ఎనిమిదికి కట్టారు.”

ఇనుప పని మేస్త్రి పిల్లర్ వంక చూశాడు. ఆయన వెనక పదిమంది పనివాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గేటు దగ్గరికి కాంక్రీటు బండి అప్పుడే వచ్చి గుడగుడమంటోంది.

“అయిపోయింది. టేపమ్మ మొదలెట్టింది,” అన్నాడు వాళ్ళలో ఒక పొట్టోడు, పక్కవాడికి వినపడేలా.

ఆమె సైట్ ఇంజనీరుగా చేరి మూడు నెలలు. ఆ పేరు పడింది మాత్రం మూడో రోజే. కాలేజీలో ఆమెతో సివిల్ చదివిన ఆడపిల్లలు ఐదుగురూ చల్లటి గదుల్లో కంప్యూటర్ల ముందు కుదురుకున్నారు. ఈవిడొక్కతే కోరి ఎండలోకి వచ్చింది. సైజు కుదరని బూట్లలో గుడ్డలు కుక్కుకుంది. సైట్‌లో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు గనక సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా ఉండడం నేర్చుకుంది. సిఫార్సుతో వచ్చిందన్న మాట పడకూడదని, తాను ఎవరి పిల్లో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ముందే అనుకున్న మాట అది. ఇవన్నీ ఒక ఎత్తు, నోరు తెరిస్తే చాలు నవ్వడం ఒక ఎత్తు.

“పుస్తకంలో నాలుగే ఉంటుంది మేడం,” అన్నాడు పొట్టోడు. “పుస్తకం చదివి పిల్లర్ నిలబడదు కదా!”

“ఇది పుస్తకంలోది కాదు. చిన్నప్పుడు మా నాన్న చెప్పాడు. ఎముక విరిగేది కీలు దగ్గరే, అక్కడ కట్టు దగ్గరదగ్గరగా పడాలని. చీపురుపుల్లలకు దారం చుట్టి మరీ చూపించాడు.”

“అయితే మీ నాన్ననే పిలవండి మేడం, వచ్చి కడతాడు!”

అందరూ పగలబడి నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

పదిమంది నవ్వూ ఆమెకు అలవాటే. మేస్త్రి నవ్వు మాత్రం ముల్లులా దిగింది. పనిలో ఆయన్ని మించినవాడు ఆ సైట్‌లో లేడు. ఆమె మనసారా గారూ అని పిలిచేది ఆయన్నొక్కణ్ణే.

అంతలో సైట్ మేనేజరు వచ్చాడు. “ఏంటి గొడవ? బండి ఆగితే లోపల సరుకు గట్టిపడి చస్తుంది.”

ఆమె డ్రాయింగ్ విప్పి చూపించింది. ఆయన దానివైపు చూడనైనా చూడలేదు.

“మేస్త్రీ, నువ్వు చెప్పు. విప్పాలా?”

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మేస్త్రికి తెలుసు. ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. ఆయన ఒక్క మాట అంటే చాలు, రేపటి నుంచి ఈ పదిమందీ ఆమె టేపు వంక చూసే చూపే మారిపోతుంది.

మేస్త్రి తన మనుషుల వంక చూశాడు. పొట్టోడు కళ్ళెగరేశాడు. మేస్త్రి తల గోక్కున్నాడు.

“ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే కడుతున్నాను సార్. ఏదీ పడిపోలేదు. మేడం కొత్త కదా, పోనీలెండి.”

“విన్నారుగా,” అన్నాడు మేనేజరు. “బండిని రానివ్వండి.”

ఆమె పై ఆఫీసుకు ఫోన్ చేసింది. “మేనేజరుతో కాస్త సర్దుకోమ్మా,” అని పెట్టేశారు. సాయంత్రానికి పిల్లర్ నిండిపోయింది. లోపల రింగులు ఎంత ఎడంగా ఉన్నాయో ఇక ఏ టేపుకీ దొరకదు. ఆమె హెల్మెట్ తీసి మేనేజరు బల్ల మీద పెట్టి, రేపటి నుంచి రానని చెప్పింది. ఎందుకని కూడా ఆయన అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు కాగితం పట్టుకుని ఎదురొచ్చింది.

“అక్కా, కాలేజీలో బ్రాంచి రేపటిలోగా చెప్పాలి. నీలాగే సివిల్ అని రాసేశాను. ఒకసారి చూడు.”

ఆమె కాగితం అందుకుని ఆ మాట మీద అడ్డంగా గీత గీసింది.

“వద్దు. ఇంకేదైనా పెట్టుకో.”

“అదేంటక్కా! ఎవరైనా ఏమైనా చేశారా?”

“లేదు.”

“మరి?”

“నవ్వారు.”

చెల్లెలు ఊపిరి పీల్చుకుంది. “ఓస్, అంతేనా! నవ్విన నాపచేనే పండుతుందని నాన్న అంటూనే ఉంటాడుగా.”

“అంటాడు.” ఆమె కూలబడి బూట్లు విప్పింది. “ఎంతమంది నవ్వినా తట్టుకునేదాన్నే. ఒక్క మనిషి నవ్వకుండా ఉంటే చాలనుకున్నాను.”

“ఎవరా మనిషి?”

ఆమె బూట్లలోంచి గుడ్డలు ఒక్కొక్కటే లాగి పక్కన పెడుతోంది.

“నాన్నొచ్చినట్టున్నాడు, తలుపు తీయండే,” అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

చెల్లెలు వెళ్ళి తీసింది.

మేస్త్రి గుమ్మంలో చెప్పులు విప్పుతూ, “పెద్దది తిన్నదా?” అని అడిగాడు.