తొట్టిలో ఇద్దరు

పిట్టగోడ దాకా వచ్చిన కొత్తవాడు మళ్ళీ వెనక్కి తగ్గాడు. గోడ అవతల తాళ్ళకు వేలాడుతున్న ఇనుప తొట్టి గాలికి ఊగుతోంది. అందులో దిగుతూ ఆ అద్దాల భవనం పైనుంచి కింది దాకా కడగాలి. బొత్తాలు నొక్కడం నేలమీద నేర్పారు గానీ, ఆకాశంలో వేలాడటం ఇదే మొదలు.

కాస్త పక్కన తల నెరిసిన ఒక పెద్దాయన నిలబడి కిందికి చూస్తున్నాడు. బెదురన్నదే లేదు. ఆయన్ని చూడగానే కొత్తవాడికి ప్రాణం లేచొచ్చింది.

"బాబాయ్! నాతో దిగే సీనియర్ మీరేగా? పైన ఉంటారని సూపర్‌వైజర్ చెప్పాడు."

పెద్దాయన ఉలిక్కిపడి తిరిగాడు. "ఎవరు నువ్వు?"

"ఈ రోజే చేరాను. భయమేస్తోంది. దండం పెడతాను, నన్నొక్కణ్ణే వదిలెయ్యకండి."

ఆయన అతని ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. "సరే, పద," అన్నాడు చివరికి.

"బెల్టు పెట్టుకోండి మరి."

"నాకెందుకులే."

"అమ్మో! మీకేమైనా అయితే నా గతేం కాను?" కొత్తవాడే బెల్టు బిగించి, కొక్కెం తాడుకు తగిలించాడు. పెద్దాయన చిన్నపిల్లాడిలా చేతులెత్తి నిలబడ్డాడు.

తొట్టిలోకి దిగగానే కొత్తవాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఇప్పుడేం నొక్కాలి?" అడిగాడు పెద్దాయన.

పరీక్ష పెడుతున్నాడు కాబోలు! ఒక కన్ను తెరిచి, "పచ్చది నొక్కితే దిగుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది" అని పాఠం అప్పజెప్పాడు.

"మరి నొక్కు."

నొక్కాడు. తొట్టి కుదుపుతో కదిలింది.

"అద్దం ఎలా తుడవాలి?"

"సబ్బునీళ్ళు రాసి, ఈ రబ్బరు పట్టీతో కిందికి లాగాలి."

"లాగి చూపించు."

అద్దం నిండా చారలు పడ్డాయి. "ఇంకోసారి," అన్నాడు పెద్దాయన. ఈసారి అద్దం తళతళలాడింది.

సగం దిగారో లేదో, ఈదురుగాలి కొట్టింది. తొట్టి ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. సబ్బునీళ్ళు ఒలికిపోయాయి. కొత్తవాడు ఎర్ర బొత్తాం నొక్కేసి, "కూర్చోండి బాబాయ్! నన్ను పట్టుకోండి, గట్టిగా!" అని అరిచాడు.

పెద్దాయన రెండు చేతులతో అతన్ని వాటేసుకున్నాడు. గాలి తగ్గాక కూడా వదల్లేదు. తన భయం ఎటు పోయిందో తెలియక కొత్తవాడికి నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"సబ్బు పడిందా?"

"ఊఁ."

మిగతా అద్దాలన్నీ కొత్తవాడు ఈల వేసుకుంటూ కడిగేశాడు.

తొట్టి నేలను తాకగానే సూపర్‌వైజర్ ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, దిగేశావా! సీనియర్‌కి జ్వరమట, ఈ రోజు రావట్లేదు. దిగొద్దని చెబుదామంటే నువ్వు ఫోనెత్తవు! ఇంతకీ ఈయనెవరు?"

కొత్తవాడి చేతిలోని రబ్బరు పట్టీ జారి పడింది.

"బాబాయ్... మరి మీరు... పైన ఏం చేస్తున్నారు?"

పెద్దాయన బెల్టు విప్పుకోవడం చేతకాక, దాని మీదే చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"దూకుదామని ఎక్కాను నాయనా. ఇంతలో నువ్వొచ్చి భయమేస్తోందన్నావు."