నిప్పంటని కాళ్లు

ద్రౌపదమ్మ తిరునాళ్ల అగ్నిగుండంలో నిప్పుల మీద అందరూ పరుగెత్తారు. మునిలక్ష్మి మాత్రం నింపాదిగా నడిచింది. ఎడమ మడమ ఒక్కటే చురుక్కుమంది.

పుంగనూరు ఆడవాళ్లు ఆమె కాళ్లకు పసుపు పట్టించి, ద్రౌపదమ్మే దిగివచ్చిందన్నారు. వచ్చే వారం కుప్పంలోనూ గుండం తొక్కాలని కబురొచ్చింది.

మునిలక్ష్మికి పదో తరగతి ఇంగ్లీషు పాఠం గుర్తొచ్చింది. అందులో గ్రీకు వీరుణ్ణి పసితనంలో తల్లి మడమ పట్టుకుని మాయనదిలో ముంచుతుంది. నీళ్లు తగలని ఆ మడమకు తప్ప అతని ఒంటికి దెబ్బ తగలదు.

సోమవారం నర్సు సుభద్రమ్మ బడికొచ్చి పిల్లల ఒళ్లు పరీక్ష చేసింది. మునిలక్ష్మి కాళ్ల పసుపును తడిగుడ్డతో తుడిచింది. కింద అరికాళ్ల నిండా పగిలిన బొబ్బలు.

“నొప్పి లేదామ్మా?”

“నిప్పు నన్నేం చెయ్యదు మేడం.”

సుభద్రమ్మ ఆమెను కళ్లు మూసుకోమని, కోడి ఈకతో రెండు కాళ్లూ తాకుతూ పోయింది. “యాడ తగిల్తే ఆడ ఏలు పెట్టమ్మా.”

మునిలక్ష్మి చాలాసేపు కదల్లేదు. ఆఖరికి ఎడమ మడమ మీద వేలు పెట్టింది.

“ఈడొకటే మేడం. నాకు లోపముండేది ఈడే.”

సుభద్రమ్మ ఈక పక్కన పెట్టింది.

“కాదు తల్లీ. నీ కాళ్లలో బాగుండేది అదొకటే. కుష్టు ఇంకా ఆడిదాకా రాలేదు.”