వంశపు మడమ

"బూట్లు విప్పు క్రిస్యాన్! పసిపిల్లాడిలా ఆ మారాం ఏంటి?"

వరండాలో కూర్చున్న హెండ్రీనా తమ్ముణ్ణి కసిరింది. ఫెర్మాక్ వంశమంతా ఏడాదికోసారి దక్షిణాఫ్రికాలోని కరూ మెట్టసీమలో తమ పొలంలో కలుసుకునే రోజది. పెరట్లో నిప్పుల మీద గొర్రె మాంసం కాలుతోంది. కానీ నర్సు ఎల్సబేకి పరీక్ష కోసం రక్తం ఇచ్చాకే ఎవరికైనా భోజనమని ఈసారి హెండ్రీనా హుకుం జారీ చేసింది. పోయిన చలికాలంలో ఆమె కొడుకు రైనార్ట్ నలభై నిండకుండానే గుండె ఆగి చనిపోయాడు. ఇంకొకరిని పోగొట్టుకునే శక్తి ఆమెకు లేదు.

"మన రక్తం పంచుకు పుట్టినవాళ్లు ఒక్కరు కూడా తప్పించుకోకూడదు," అంది.

క్రిస్యాన్ బూట్లు విప్పాడు. మడమ పైన నరం బొటనవేలంత లావుగా ఉబ్బి ఉంది.

"ఇది జబ్బేంటక్కా? మన వంశపు గుర్తు! నాన్నకీ ఇలాగే ఉండేది. బూట్లు వెనక చీల్చుకుని తొడుక్కునేవాడు కాదూ?"

"గుర్తు కాదండీ, కొవ్వు," అంది నర్సు అక్కడ నొక్కి చూస్తూ. "రక్తంలో కొవ్వుని కాలేయం లాగేసుకోవాలి. మీవాళ్లలో ఆ పని సగమే జరుగుతుంది. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చే లోపం. మిగిలిన కొవ్వు గుండె నాళాల్లో, ఇదిగో ఇక్కడా పేరుకుంటుంది. రోజూ మాత్ర వేసుకుంటే మనవల పెళ్లిళ్లు చూస్తారు."

"మాంసం మానేస్తే పోదా?"

"తగ్గిస్తే మంచిదే. దానితోనే పోదు."

"విన్నారా? గొర్రెది తప్పేం లేదట!" అన్నాడు క్రిస్యాన్.

అందరూ నవ్వారు. వంటమనిషి సీనా మాత్రం నవ్వలేదు. కాఫీ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆమె కాళ్లకి హెండ్రీనా వాడి వదిలేసిన, మడమ దగ్గర సాగిపోయిన బూట్లు. కొత్తవి కొనిస్తానన్నా వద్దంటుంది, అమ్మగారి పాతవే కావాలంటుంది. విశ్వాసం అంటే అదీ అని హెండ్రీనా చుట్టాలకి చెప్పుకుని మురిసిపోతుంది.

"ఏంటే సీనా, చెవులప్పగించేశావు? కాఫీ చల్లారిపోతోంది."

సీనా కొడుకు ఆపొల్స్ కూడా ఆ చలికాలంలోనే పోయాడు. ఉన్ని కత్తిరిస్తూ కత్తిరిస్తూ కుప్పకూలాడు. తాగుడే వాణ్ణి మింగిందని క్రిస్యాన్ తేల్చేశాడు. వాడు సారా ముట్టడని సీనా ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

వరుస అయిపోయింది. "ఇంకెవరైనా మిగిలారా?" అడిగింది నర్సు.

"లేరమ్మా. ఇప్పటికి నా మనసు కుదుటపడింది," అంది హెండ్రీనా.

సీనా పళ్లెం కింద పెట్టింది.

"నన్ను కూడా చూడండి సిస్టర్."

క్రిస్యాన్ పకపకా నవ్వాడు. "నీకెందుకే? ఇది ఫెర్మాక్‌ల జబ్బు!"

"ఆపొల్స్ కూతురు చిన్నపిల్ల అయ్యా. దాన్నైనా దక్కించుకోవాలి."

సీనా వంగి, నెమ్మదిగా బూట్లు విప్పింది. క్రిస్యాన్ నవ్వు ఆగిపోయింది. హెండ్రీనా కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఆ మడమలు అచ్చం హెండ్రీనా తండ్రివే.