పన్నెండు ప్లేట్లు

నేను అక్షరాలు దిద్దుకున్నది ముసలితనంలో. ఒత్తులు, దీర్ఘాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి. రాయడమూ నత్తనడకే. అందుకే కథ చిన్నది.

"ప్లేట్లు ఎక్కడికి పోతాయమ్మా? నిన్ను చూసి భయపడి పారిపోయాయా?" అన్నాడు క్రీడాసంఘం కార్యదర్శి. తన జోకుకు తనే ముందు నవ్వాడు.

ఎదురుగా నిలబడ్డ అమ్మాయి నవ్వలేదు. బరువులెత్తే ఆ పదిహేడేళ్ల పిల్లను అందరూ పిడుగు అంటారు.

"వ్యాయామశాలలో రాడ్డు ఒక్కటే ఉంది సార్. దానికి తగిలించే పన్నెండు ఇనప ప్లేట్లలో ఒక్కటీ లేదు. సెలెక్టర్ మేడం పదకొండున్నరకి వెళ్లిపోతారు. ఆలోపు ఎనభై కిలోలు ఎత్తి చూపిస్తేనే జట్టులో నా పేరు రాస్తారు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది."

"మీటింగ్ అయ్యాక చూద్దాం."

"మీటింగ్ ఒంటిగంట దాకా ఉంది కదా సార్!"

"అయితే ఒంటిగంట దాటాక చూద్దాం. అసలీ మీటింగ్ ఎవరి కోసమనుకున్నావ్? మీ కోసమే!"

నిజమే. వ్యాయామశాల ముందు సిమెంటు ఆవరణలో పెద్ద టెంటు వేశారు. 'ఆడపిల్లల క్రీడలకు అండగా' అని మూరెడేసి అక్షరాలతో బ్యానరు కట్టారు. వేదిక మీద ఏడు కుర్చీలు. ఏడింటిలోనూ మగవాళ్లే. అలాగని ఆడపిల్లల్ని మరిచిపోలేదు. ఇద్దరు పూలగుత్తులు అందించాలి, ముగ్గురు మంచినీళ్లు ఇవ్వాలి, మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టాలి.

"సార్, ఒక్క మాట. ఆ ప్లేట్లు..." పక్కనుంచి టెంటు మేస్త్రి గొణిగాడు.

"నీకెందుకయ్యా ప్లేట్ల గొడవ? నీ టెంటు నువ్వు చూసుకో!"

మేస్త్రి తన తాళ్ల దగ్గరకు పోయాడు. కార్యదర్శి చొక్కా సవరించుకుని మైకు ముందుకు వెళ్లాడు.

"ఆడపిల్ల బలహీనురాలని ఎవడన్నాడు?" అని గర్జించాడు. మొన్న కమిటీలో అన్నది ఆయనే.

రెండో మాట నోట్లో ఉండగానే సెలెక్టరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో విజిలు. పూలగుత్తి ఇవ్వబోతే పక్కకు జరిపి, నేరుగా వేదిక ఎక్కింది.

"ఇంకా పావుగంటే ఉంది కార్యదర్శిగారూ. ఎత్తే పిల్ల ఉంది, రాడ్డు ఉంది. బరువేది?"

మైకు ఆ మాటను ఆవరణంతా వినిపించింది. ముఖ్య అతిథి కుర్చీలో కదిలాడు. "ఏంటయ్యా ఇది? ఆడపిల్లలకు అండ అని నన్ను పిలిచి, వాళ్ల సామాను వాళ్లకివ్వలేదా?"

పత్రికల కెమెరాలు కార్యదర్శి వైపు తిరిగాయి. ఆయనకు ముచ్చెమటలు పట్టాయి. అయినా ఇరవై ఏళ్లుగా కుర్చీ వదలని మనిషి, క్షణంలో తేరుకున్నాడు.

"మా బంగారుతల్లుల ప్లేట్లు ఎవరు తీశారు? ఎక్కడున్నా సరే, ఈ నిమిషమే వాళ్ల చేతికివ్వాలి! పన్నెండులో ఒక్కటి తగ్గినా ఊరుకోను!"

చప్పట్లు మోగాయి. టెంటు మేస్త్రి పరుగున వేదిక దగ్గరకొచ్చాడు.

"అన్నీనా సార్?"

"అన్నీ!"

"ఒక్కసారి ఆలోచించండి సార్..."

"ఆడపిల్లల విషయంలో ఆలోచించేదేముందయ్యా!"

మళ్లీ చప్పట్లు. ముఖ్య అతిథి కూడా కొట్టాడు. మేస్త్రి తల గోక్కుంటూ వెళ్లి పిడుగు చెవిలో ఏదో చెప్పాడు. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది.

"తీసెయ్యమంటారా సార్?" అని కిందనుంచి అడిగింది.

"ఇంకా నిలబడ్డావేం? తియ్!"

పిల్లలు పూలగుత్తులు, నీళ్ల సీసాలు నేలమీద పెట్టి టెంటు వెనక్కి పరిగెత్తారు. కాసేపటికి తలా ఒక ప్లేటు మోసుకుంటూ వ్యాయామశాలలోకి పోయారు. ముందు వరస లేచి వాళ్ల వెంట వెళ్లింది. తర్వాత రెండో వరస, ఆ తర్వాత కెమెరాలు. టెంటు కింద వేదిక మీది ఏడుగురే మిగిలారు.

కార్యదర్శికి అవేం పట్టలేదు. ఆడపిల్లల కోసం తాను చేసిన పనులు వేళ్లమీద లెక్కపెట్టి చెబుతున్నాడు. మొదటి వేలి దగ్గరే చాలాసేపు ఆగాడు. ఇంతలో వ్యాయామశాలలోంచి "ఎనభై!" అని ఒక్కసారిగా కేక, ఈలలు. తనకే అనుకుని చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

అప్పుడు గాలి వీచింది. పెద్ద గాలి కూడా కాదు.

టెంటు ఒకసారి పొట్ట ఉబ్బించి, ఏడు కుర్చీలనూ కప్పేస్తూ కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, పరువుకు తప్ప. మైకు మాత్రం పనిచేస్తూనే ఉంది.

"ఎవడ్రా ఈ టెంటు కట్టింది?"

"నేనే సార్," అన్నాడు మేస్త్రి బయటనుంచి. "సిమెంటు నేలలో మేకు దిగలేదు. కనబడ్డ బరువేదో తాళ్లకు కట్టెయ్యమని నిన్న మీరేగా అన్నారు! ఆ పన్నెండు ప్లేట్లే కట్టాను."

గుడ్డ కింద ఏడు తలలు ఎగిరెగిరి పడుతున్నాయి. "అమ్మా పిడుగూ! ముందు దీన్ని పైకెత్తండమ్మా!"

పిడుగు వ్యాయామశాల మెట్ల మీద నిలబడి, పట్టు జారకుండా చేతులకు రాసుకున్న తెల్లపొడి దులుపుకుంది. పక్కన సెలెక్టరమ్మ ఆ పిల్ల పేరు రాసి, కింద సంతకం చేస్తోంది.

"మీటింగ్ అయ్యాక చూద్దాం సార్!"

— బొత్తాల బామ్మ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడుంటున్నది వ్యాయామశాల వెనక వీధిలో, రెండో కూతురింట్లో.